ఆ పేరంటాలు పేరేంటి?



ఫాల్గుణ మాసం వచ్చిందంటే కైకలూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కొల్లేటికోట వైపు కదుల్తాయి. పెద్దింట్లమ్మ జాతర. ఆటోలు, ట్రాక్టర్లు, నెత్తిన పొంగలి సామాను పెట్టుకున్న ఆడవాళ్ళు, మొక్కు కోసం మేకపోతును తాడు కట్టి నడిపించుకొచ్చే పిల్లలు. జలదుర్గమ్మకు గోకర్ణేశ్వరస్వామితో కల్యాణం జరిపిస్తారు. మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. సెల్ఫీలు కూడా దిగే ఉంటారు. తప్పేం కాదు.

అయితే మీకు ఒక ప్రశ్న. ఆ దీవి కథలో ఒక ఆడపిల్ల ఉంది. ఆ పిల్ల పేరు మీకు తెలుసా?

మాకూ తెలియదు. ఈ వ్యాసం ఆ పేరు గురించే.

ముందు దీవి సంగతి చూద్దాం. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యన ఉన్న పల్లం. ఒకప్పుడు సముద్రపు అంచు ఇక్కడే ఉండేది. రెండు నదులు ఒండ్రు తెచ్చి పోసుకుంటూ పోతే సముద్రం వెనక్కి జరిగింది, మధ్యలో ఈ పల్లం నీళ్ళతో మిగిలిపోయింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒకటే, ఉప్పుటేరు. అది అరవై కిలోమీటర్ల దాకా మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సు మధ్యలో మెరకగా ఉన్న చోట్ల జనం ఇళ్ళు కట్టుకున్నారు. వాటినే లంకలు అంటాం. వానాకాలం చుట్టూ నీళ్ళు, ఎండాకాలం చుట్టూ బురద, కిక్కిస. ఆ లంకల్లో పేరున్నది కొల్లేటికోట. తాటి దోనె ఎక్కితే తప్ప అక్కడికి చేరలేని రోజులు మన తాతల కాలం దాకా ఉన్నాయి.

పేరులోనే కోట ఉంది. ఆ కోట ఎవరిదంటే ఒడిశా గజపతులది అని చెప్పుకుంటారు. లాంగుల గజపతి అనే పేరు వినపడుతుంది. కోణార్క గుడి కట్టించిన గంగరాజు నరసింహదేవుణ్ణి కూడా లాంగుల నరసింహుడు అంటారు. జనం కథలో రాజవంశాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అది మామూలే. ఒడియా రాజ్యం ఈ తీరం వెంట కృష్ణ దాకా, ఇంకా కిందికి కూడా వచ్చిన మాట మాత్రం చరిత్రే.

ఇక కథ.

గజపతుల సైన్యం కొల్లేటికోటలో ఉంది. శత్రు సేనాని ఒడ్డున చిగురుకోట దగ్గర దిగాడు. కోట కనపడుతోంది కానీ చేరే దారి లేదు. చుట్టూ నీళ్ళు. ఏనుగులు దిగవు, గుర్రాలు దిగవు. పడవల్లో పోతే పైనుంచి బాణాలు పడతాయి. అప్పుడు ఆ సేనానికి ఒక ఆలోచన వచ్చింది. కోటను కొట్టలేకపోతే నీళ్ళను కొడదాం. సరస్సుకు గండి పెట్టి నీళ్ళన్నీ సముద్రంలోకి వదిలేస్తే కోట దానంతట అదే ఒట్టి నేల మీద నిలబడుతుంది. అలా తవ్విన కాలవే ఇప్పటి ఉప్పుటేరు అని కథ.

కోటలో ఉన్న ఒడియా సేనాని ఏం చేశాడు? దేవతను మెప్పించి గెలుపు తెచ్చుకోవాలని సొంత కూతుర్ని బలిచ్చాడు. ఆ పిల్ల పేరంటాలు అయింది. ఆ కాలవకు పేరంటాల కనుమ అనే పేరు పడింది.

కథ ఇంతే. కొంచెం ఆగి మళ్ళీ చదవండి.

తవ్వించింది ఒక సేనాని. బలిచ్చింది ఇంకో సేనాని. ఒకడు నీళ్ళు పోవాలన్నాడు, ఇంకొకడు నీళ్ళు ఉండాలన్నాడు. ఇద్దరికీ కావలసింది గెలుపు. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళను ఎవరూ ఒక్క మాట అడగలేదు. వల వేసేవాడు, నత్తలు ఏరుకునేది, దోనె నడిపేవాడు కథలో ఎక్కడా లేరు. కథలోకి రానిచ్చింది ఒక్క ఆడపిల్లని. అదీ చంపడానికి.

ఆ పిల్లకు పేరు కూడా ఇవ్వలేదు. పేరంటాలు అన్నది పేరు కాదు. అది మనవాళ్ళు చనిపోయిన స్త్రీకి ఇచ్చే హోదా. ఊరి కోసమో, మొగుడి చితి మీదో, చెరువు గట్టు కిందో చనిపోయిన ఆడమనిషిని పేరంటాలు అని కొలుస్తారు. బతికున్నప్పుడు ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళో ఆ మాట మిగల్లేదు. లాంగుల గజపతి పేరు మిగిలింది. చిగురుకోట పేరు మిగిలింది. చచ్చిపోయిన పిల్ల పేరు మిగల్లేదు.

తెలుగు నేల మీద ఇలాంటి కథలు ఇదొక్కటే కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ముసలమ్మ అనే కోడలు గండిలోకి నడిచిపోయిందని చెప్తారు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' అని కావ్యం రాసింది ఆమె మీదే. అక్కడ నీళ్ళు ఆపడానికి ఒక ఆడమనిషి ప్రాణం కావాల్సి వచ్చింది. ఇక్కడ నీళ్ళ కోసం జరిగిన యుద్ధంలో ఒక ఆడపిల్ల ప్రాణం కావాల్సి వచ్చింది. నీళ్ళు నిలిపినా, వదిలినా మూల్యం ఎవరు కట్టారో చూడండి. అయినా ముసలమ్మకు కనీసం పేరుంది. ఆ ఊరి రైతులు ఆ పేరు వదల్లేదు.

ఇప్పుడు మన మేడారం గుర్తు చేసుకోండి. అదీ యుద్ధం కథే. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చిన కథ. అక్కడా ఆడవాళ్ళు చనిపోయారు. కానీ పేర్లు చూడండి. సమ్మక్క. సారలమ్మ. నాగులమ్మ. పగిడిద్దరాజు. జంపన్న. వాగులో పడి చనిపోయిన కొడుకు పేరు వాగుకే పెట్టారు, సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. తల్లి చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది అంటారు. ఏ గుట్టో తెలుసు, ఏ వాగో తెలుసు, ఎవరు ఎవరి బిడ్డో తెలుసు. రాజు పేరు మర్చిపోయినవాడు ఉంటాడు గానీ సారలమ్మ పేరు మర్చిపోయినవాడు ఉండడు.

తేడా ఎక్కడుంది? మేడారం కథ ఓడిపోయినవాళ్ళు చెప్పుకున్న కథ. గద్దె దగ్గర నిలబడి వాళ్ళే చెప్పారు, వాళ్ళ పూజారులే చెప్పారు, తరం తర్వాత తరం చెప్పారు. కొల్లేటికోట కథ మాత్రం కోట వైపు నుంచి చెప్పిన కథ. కోటకు సేనానులు కావాలి, ఎత్తుగడలు కావాలి. బలి కూడా ఒక ఎత్తుగడే. పేరు దేనికి?

ఎవరు కథ చెప్తారో వాళ్ళవాళ్ళ పేర్లే మిగుల్తాయి. ఈ వ్యాసంలో ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

రాతలో ఉన్న చరిత్ర కూడా ఇదే పని చేసింది. ఏలూరు పక్కన పెదవేగి ఒకప్పటి వేంగి, శాలంకాయనుల రాజధాని. ఆ వంశపు నందివర్మ వేయించిన రాగి రేకులు ఈ కొల్లేట్లోనే దొరికాయి. పదిహేను వందల ఏళ్ళ నాటి మాట. దండి 'దశకుమారచరిత్ర'లో ఆంధ్రనగరం పక్కన ఒక మహా సరస్సును వర్ణిస్తే, అది కొల్లేరే అని పండితులు గుర్తుపట్టారు. అంటే ఈ నీళ్ళు రాజుల కంటా పడ్డాయి, కవుల కంటా పడ్డాయి. రాగి రేకుల మీద ఏం రాస్తారో మీకు తెలుసు. ఏ భూమి ఎవరికి దానం ఇచ్చారో రాస్తారు. ఆ భూమి పక్కన మావు పెట్టి చేపలు పట్టుకునేవాడి పేరు రాగి మీద ఎక్కదు.

సరే, పాత కథ అయిపోయింది అనుకుంటున్నారా? అవ్వలేదు. మన కళ్ళ ముందే మళ్ళీ నడుస్తోంది. ఈసారి కోట లేదు, చేపల చెరువులున్నాయి. గజపతి లేడు, కాంటూరు ఉంది.

1970ల చివర్లో కొల్లేటి ఊళ్ళ పేదలకు బతుకుదెరువు చూపిస్తామని సహకార సంఘాలు పెట్టి సరస్సులో చేపల చెరువులు తవ్వించారు. మొదట సంఘం చెరువు సంఘానిదే. తర్వాత పెట్టుబడి కావాలి, మేత కావాలి, డీజిల్ కావాలి. డబ్బున్నవాడు బయటి నుంచి వచ్చి లీజు తీసుకున్నాడు. సంఘం పేరు కాగితం మీద ఉంది, చెరువు వేరేవాడి చేతిలో ఉంది. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కూలి అయ్యాడు. గట్ల మీద గట్లు లేచాయి. పడమటి నుంచి వచ్చే ఏళ్ళ నీళ్ళు ఉప్పుటేరు దాకా పోవడానికి దారి ఇరుకైపోయింది. వానొస్తే లంకలు మునుగుతాయి. వాన లేకపోతే సముద్రపు ఉప్పు వెనక్కి ఎక్కొస్తుంది.

1999 అక్టోబరు 4న ప్రభుత్వం 120వ నంబరు జీవో ఇచ్చి, +5 అడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, అంటే ప్రపంచమంతా కాపాడుకోవాల్సిన చిత్తడి నేల అని ఒప్పుకున్నట్టు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు తెగ్గొట్టారు. 2008లో అదే రాష్ట్ర అసెంబ్లీ కాంటూరును +5 నుంచి +3కి తగ్గించాలని తీర్మానం చేసింది. అలా చేస్తే అభయారణ్యం 135 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో వద్దు, +5 అలాగే ఉంచండి అంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రతి ఎన్నికల్లో కైకలూరులో ఇదే మాట. ఒకాయన +3 తెస్తానంటాడు, ఇంకొకాయన నేనే ముందు తెస్తానంటాడు.

చూశారా, మళ్ళీ ఇద్దరు సేనానులు. ఒకరు నీళ్ళు ఉండాలంటారు, ఇంకొకరు నీళ్ళు తగ్గాలంటారు. ఒకరి వెనక చెరువుల యజమానులున్నారు. ఇంకొకరి వెనక ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళున్నారు. గూడబాతులు ఉండాల్సిందే, మాకు వాటితో తగువు లేదు. నీళ్ళు ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. సరస్సు చచ్చిపోతే ముందు చచ్చేది సరస్సు మీద బతికేవాడే. కానీ గట్లు తెగ్గొట్టిన రోజున లీజుదారు ఇంకో ఊళ్ళో ఇంకో చెరువు చూసుకున్నాడు. గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రంతా కాపలా కాసిన యానాది కుటుంబం ఎక్కడికి పోయింది? వాళ్ళకి పరిహారం ఏ పద్దులో రాశారు? చెరువే వాళ్ళది కానప్పుడు లెక్కలోకి ఎలా వస్తారు?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కొల్లేటికోట ఆదివాసీల గుడి అని మేం అనడం లేదు. పెద్దింట్లమ్మను కొల్లేటి ఊళ్ళన్నీ కొలుస్తాయి. సరస్సు మధ్య లంకల్లో ఎక్కువగా ఉండేది వడ్డీలు. వాళ్ళు బీసీల్లో ఉన్నారు. వడ్డీ అనే మాట ఓఢ్ర నుంచి వచ్చిందని, గజపతుల సైన్యంతో వచ్చినవాళ్ళ వారసులమని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఆ అమ్మ వాళ్ళ ఇలవేల్పు. దళిత కుటుంబాలున్నాయి. వాళ్ళ మధ్యనే గట్ల మీద, కాలవ పక్కన, ఊరి చివర యానాదులు, ఎరుకలు ఉన్నారు. లేని హక్కు మనం చెప్పుకోవద్దు. ఉన్న హక్కు వదులుకోనూ వద్దు. అందరి అమ్మ అయినప్పుడు అందరి కథా ఆ గుడి ముందు వినపడాలి, అంతే మనం అడిగేది.

నీళ్ళ మధ్య దీవి అంటే యానాదులకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యన ఉన్న శ్రీహరికోట. అడవి, నీళ్ళు, చేప, తేనె, మూలికలు, ఒక జాతి బతుకంతా ఆ దీవిలోనే ఉండేది. 1960ల చివర్లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. యానాదులు దీవి నుంచి కదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే మనమూ చప్పట్లు కొడతాం. కానీ శ్రీహరికోట అనగానే బడిపిల్లలకు గుర్తొచ్చేది ఏంటో, గుర్తురానిది ఎవరో ఆలోచించండి. యాభై ఏళ్ళలోనే ఒక దీవి కథలోంచి ఒక జాతిని తుడిచేయొచ్చని అది రుజువు. కొల్లేటికోట పిల్ల పేరు పోవడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టి ఉంటుంది. మన కాలంలో అంత సేపు కూడా పట్టదు.

కొండల్లో ఉన్న కోయ, కొండరెడ్డి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడగొచ్చు, ఎక్కడో పల్లంలో ఉన్న సరస్సుతో మాకేం పని అని. పని ఉంది. తమ్మిలేరు ఖమ్మం వైపు ఎత్తుల్లో పుట్టి చింతలపూడి మీదుగా దిగి కొల్లేట్లో పడుతుంది. పైన అడవి పోతే కింద సరస్సులో మేట వేస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒక చివర కైకలూరు, ఇంకో చివర పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు ఒకే జిల్లాలోకి వచ్చాయి. అదే ఏడాది జులైలో గోదావరి వరదకు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో కోయ పల్లెలు మునిగాయి. ఒకే కలెక్టరాఫీసు కింద ఒక చివర నీళ్ళు నిలిపి ఊళ్ళు ముంచుతున్నారు, ఇంకో చివర నీళ్ళు ఎంత ఉంచాలని బేరమాడుతున్నారు. రెండు చోట్లా నీళ్ళ మట్టం నిర్ణయించేది ఆ నీళ్ళ దగ్గర బతికేవాడు కాదు. పోలవరం కాంటూరు, కొల్లేటి కాంటూరు, రెండూ మన నుదుటి మీద వేరేవాళ్ళు గీసిన గీతలే.

ఇంతకీ ఏం చేయాలి? కథలు చెప్పుకుంటే హక్కులొస్తాయా అని మీరు నవ్వొచ్చు. ఈ మాట మాత్రం నవ్వకుండా వినండి.

2006 అటవీ హక్కుల చట్టం అడవి అంటే చెట్లున్న చోటు అని మాత్రమే చెప్పలేదు. సెక్షన్ 2(డి)లో అటవీ భూమి అన్న మాటకు అర్థం చెప్తూ అభయారణ్యాల్ని, జాతీయ పార్కుల్ని కూడా కలిపింది. కొల్లేరు అభయారణ్యం. సెక్షన్ 3(1)(డి) సామూహిక హక్కుల్లో చేపల్ని, నీటి వనరుల్లో దొరికే మిగతావాటిని పేరు పెట్టి చెప్పింది. పశువుల మేతను, సంచార జాతులు ఏటా వచ్చి వాడుకునే హక్కును కూడా చెప్పింది. ఆ చట్టం ఎస్టీలకే కాదు, 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడే ఉండి దాని మీదే బతికిన ఇతరులకు కూడా వర్తిస్తుంది. అంటే వడ్డీ అన్న, యానాది అన్న ఒకే గ్రామసభలో కూర్చుని అడగొచ్చు. కొల్లేటి లంకల్లో ఎన్ని గ్రామసభల్లో ఈ సెక్షన్ చదివి వినిపించారు? మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి మీరే అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. హక్కు అడగాలంటే సాక్ష్యం చూపించమంటారు. పట్టా లేనివాడి దగ్గర, పన్ను రసీదు లేనివాడి దగ్గర సాక్ష్యం ఎక్కడుంటుంది? ఆ చట్టం కింద 2008 జనవరి 1న వచ్చిన నియమాల్లో 13వ నియమం చూడండి. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు లాంటి పాత గుర్తుల్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. క్లెయిం పెట్టినవాళ్ళు కాకుండా ఊళ్ళో వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే దాన్నీ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. అర్థమైందా? మీ నాయనమ్మ చెప్పే కథ కాలక్షేపం కాదు. మా తాత ఈ గట్టు దగ్గర మావులు పెట్టేవాడు, ఫలానా గట్టు మీద ఫలానా అమ్మకు కోడిని కోసేవాళ్ళం, ఫలానా మెరక మీద మా వాళ్ళను పూడ్చిపెట్టాం. ఇవన్నీ రాస్తే కాగితం అవుతాయి. రాయకపోతే గాల్లో కలిసిపోతాయి, ఆ పిల్ల పేరు కలిసిపోయినట్టు.

ఇది జరగదు అనకండి. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ తవ్వుతామని వచ్చినప్పుడు డోంగ్రియా కోంధులు అది మా నియమరాజా ఉండే కొండ అన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ సంగతి గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆ సభల్లో చదువు రాని ముసలమ్మలు లేచి చెప్పింది మైనింగ్ లెక్కలు కాదు. తమ దేవుడి కథ, తమ ఊటల పేర్లు, తమ పంటల పేర్లు. పేర్లు గుర్తున్నాయి కాబట్టి కొండ మిగిలింది.

కొల్లేట్లో క్లెయిం పెట్టగానే చెరువు చేతికొస్తుందని మేం చెప్పడం లేదు. ఆఫీసులు తిప్పుతాయి. చెరువులున్నవాళ్ళు బెదిరిస్తారు. అభయారణ్యంలో మీకు హక్కేంటని అడిగేవాళ్ళుంటారు. అందుకే ముందు చేతిలో కాగితం ఉండాలి, కాగితంలో పేర్లుండాలి.

కాబట్టి ఈసారి జాతరకు వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. సెల్ఫీ దిగండి, అమ్మకు దండం పెట్టుకోండి. ఆ తర్వాత అదే ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. యానాది తాత కావచ్చు, ఎరుకల అవ్వ కావచ్చు, వడ్డీల పెద్దమ్మ కావచ్చు. అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. పేరంటాలు కథ వాళ్ళు ఎలా చెప్తారో అడగండి. సేనాని ఇంటి కథగా చెప్తారా, ఇంకోలా చెప్తారా? ఆ పిల్లను ఏమని పిలుస్తారు? నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవి? కొర్రమీను ఏ మడుగులో దొరికేది, వాలుగ ఏ వాన తర్వాత ఎక్కేది? గట్లు లేని రోజుల్లో దోనె ఏ దారిన పోయేది? చనిపోయినవాళ్ళను ఎక్కడ పెట్టేవాళ్ళు? తేదీ వేయండి, ఊరి పేరు రాయండి, వాళ్ళతో సంతకమో వేలిముద్రో పెట్టించండి. ఒక కాపీ వాళ్ళింట్లోనే ఉంచండి. వాళ్ళ మాట, ముందు వాళ్ళదే.

పోలవరం వైపు ఉన్నవాళ్ళు మునిగే ఊళ్ళో అదే పని చేయండి. ఊరు మునగకముందే గట్ల పేర్లు, వాగుల పేర్లు, వేల్పుల పేర్లు రాసిపెట్టండి. ఊరు కదిలినా పేరు కదలకూడదు.

ఆ సేనాని కూతురు ఎవరో, అసలు అలాంటి పిల్ల ఉందో లేదో చరిత్ర తేల్చలేకపోవచ్చు. కానీ ఆ కథను వందల ఏళ్ళు మోసిన జనానికి ఒక సంగతి బాగా తెలుసు. పెద్దవాళ్ళు నీళ్ళతో యుద్ధం చేస్తే ఇంట్లో చిన్నపిల్ల పోతుంది. అందుకే ఆ కాలవకు సేనాని పేరు పెట్టలేదు, పేరంటాలు అన్నారు. పేరు మర్చిపోయినా నేరం మర్చిపోలేదు. అది వాళ్ళ వంతు, వాళ్ళు చేశారు.

పేర్లు మర్చిపోకుండా చూసుకోవడం మన వంతు. కొల్లేటి గట్టు మీద ఈ రాత్రి కూడా ఒక యానాది కుటుంబం టార్చిలైటు పట్టుకుని ఎవరిదో చెరువుకు కాపలా కాస్తోంది. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంటుంది. ఆ పిల్లకు ఒక పేరుంది.

వెళ్ళి అడగండి. రాసుకోండి.

జోహార్.